ఎమ్మెల్యే అవడం నుంచి మాజీ అవడం దాకా: ఓరుగల్లు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చినా, ఎవరో ఒక ఎమ్మెల్యే కండువా మార్చినా, ఉప ఎన్నిక అని పుకారు లేచినా అవే ప్రశ్నలు మళ్లీ వస్తుంటాయి. వరంగల్, జనగామ, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాటిని ఏరి, ఒక శాసనసభ్యుడి రాజకీయ జీవితం నడిచే వరుసలో పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణలు చాలావరకు మన చుట్టుపక్కల నియోజకవర్గాలవే. చట్టం ఎమ్మెల్యేకు ఇచ్చిన పని వేరు, ఊరు ఆయన నుంచి ఆశించే పని వేరు. మీ సందేహాల్లో సగం ఈ తేడా దగ్గర పుట్టినవే.

## పోటీకి దిగకముందు

ఎమ్మెల్యేగా పోటీ చేయాలంటే ఏం అర్హతలు ఉండాలి? డిగ్రీ కావాలా?

డిగ్రీ అక్కర్లేదు, పదో తరగతి కూడా అక్కర్లేదు. భారత పౌరులై, 25 ఏళ్లు నిండి, రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటు ఉంటే చాలు. పిల్లలు ఎంతమంది అన్నది పంచాయతీ ఎన్నికల చర్చల్లో వినిపించే మాట, అసెంబ్లీకి ఆ షరతు లేదు. రిజర్వుడు స్థానమైతే ఆ వర్గానికి చెందినవాళ్లై ఉండాలి. ఉమ్మడి వరంగల్‌లోని 12 సీట్లలో స్టేషన్ ఘన్‌పూర్, వర్ధన్నపేట ఎస్సీలకు, ములుగు, మహబూబాబాద్, డోర్నకల్ ఎస్టీలకు కేటాయించారు.

వీటిలో పౌరసత్వాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 2023లో పాలకుర్తిలో పోటీకి సిద్ధమైన ఝాన్సీ రెడ్డి ఆ చిక్కుతోనే ఆగిపోయారు. ఆమె బదులు 26 ఏళ్ల కోడలు యశస్విని రెడ్డి బరిలోకి దిగి, అప్పటిదాకా ఆరుసార్లు అసెంబ్లీకి గెలిచిన ఎర్రబెల్లి దయాకర్ రావును 47 వేలకు పైగా ఓట్లతో ఓడించారు.

నా ఓటు జనగామలో ఉంది. ములుగులోనో పరకాలలోనో నిలబడొచ్చా?

పరకాలలో నిలబడొచ్చు. ములుగు ఎస్టీ స్థానం కాబట్టి మీరు ఎస్టీ అయితేనే. ఓటు తెలంగాణలో ఎక్కడున్నా సరిపోతుంది. ఒకేసారి రెండు చోట్ల పోటీ చేయొచ్చు, అంతకు మించి కుదరదు. 2023లో కేసీఆర్ గజ్వేల్, కామారెడ్డిలలో పోటీ చేసి మొదటిచోట గెలిచి రెండోచోట ఓడారు. ఈటల రాజేందర్ హుజూరాబాద్, గజ్వేల్ రెండింటిలోనూ ఓడిపోయారు. కామారెడ్డిలో అయితే కేసీఆర్‌ను, రేవంత్ రెడ్డిని ఇద్దరినీ ఓడించింది బీజేపీకి చెందిన స్థానిక నాయకుడు కాటిపల్లి వెంకటరమణా రెడ్డి. పెద్ద పేరు కంటే ఊళ్లో ఉన్న పరిచయం గెలిచిన సందర్భం అది.

సర్పంచ్ నుంచే మొదలుపెట్టాలా? నేరుగా ఎమ్మెల్యే టికెట్ రాదా?

నేరుగా వచ్చినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. కానీ కింది నుంచి వచ్చినవాళ్లకు ఒక లాభం ఉంటుంది: ఏ ఊళ్లో ఏ ఇంటి మాట చెల్లుతుందో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తు లేకుండా జరుగుతుంది కాబట్టి అది సొంత పలుకుబడికి పరీక్ష. ఎంపీటీసీ, జెడ్పీటీసీ పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. ఆ రెంటిలో జెడ్పీటీసీకి విలువ ఎక్కువ, ఎందుకంటే మండలం మొత్తం తిరిగి గెలవాలి. టికెట్ అడిగేటప్పుడు చూపించడానికి అంతకంటే మంచి లెక్క ఉండదు.

కొండా సురేఖ మండల పరిషత్ అధ్యక్షురాలిగా మొదలుపెట్టి శాయంపేట ఎమ్మెల్యే అయ్యారు. నన్నపునేని నరేందర్ వరంగల్ మేయర్‌గా ఉండి 2018లో వరంగల్ తూర్పు ఎమ్మెల్యేగా గెలిచారు. సీతక్క దారి పూర్తిగా వేరు: అజ్ఞాత దళం నుంచి బయటికి వచ్చి, లా చదివి, 2004లో ములుగులో ఓడి, 2009లో గెలిచారు. కాకతీయ యూనివర్సిటీ విద్యార్థి సంఘాలు, తెలంగాణ ఉద్యమం, సింగరేణి కార్మిక సంఘాలు, సహకార సంఘాలు కూడా ఈ ప్రాంతంలో నాయకులను తయారుచేసిన చోట్లే. ఈ మధ్య రియల్ ఎస్టేట్ కూడా ఆ జాబితాలో చేరింది. దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

నేను గవర్నమెంట్ టీచర్‌ని. సెలవు పెట్టి పోటీ చేయొచ్చా?

కుదరదు. ప్రభుత్వ ఉద్యోగం లాభదాయక పదవి కిందికి వస్తుంది. రాజీనామా ఇస్తే సరిపోదు, అది ఆమోదం పొందాలి. ఆ ఉత్తర్వు చేతిలో లేకుండా నామినేషన్ వేస్తే పరిశీలనలో పోతుంది. ప్రైవేటు స్కూలు టీచర్‌కు ఈ ఇబ్బంది లేదు.

నేను కాంట్రాక్టర్‌ని. చేసిన పనుల బిల్లులు ఇంకా రాలేదు. పోటీకి అడ్డమా?

రాష్ట్ర ప్రభుత్వంతో చేసుకున్న కాంట్రాక్టు ఇంకా నడుస్తుంటే అడ్డమే. ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ అదే చెబుతుంది. అయితే మీ వంతు పని మొత్తం పూర్తయి, ప్రభుత్వం డబ్బులు ఇవ్వడం ఒక్కటే మిగిలితే ఆ కాంట్రాక్టు నడుస్తున్నట్టు కాదని అదే సెక్షన్ వివరణలో ఉంది. పని పూర్తయినట్టు కాగితం దగ్గర పెట్టుకోండి. బిల్లుల కోసం ఏళ్లకేళ్లు తిరిగేవాళ్లకు చట్టం చేసిన చిన్న మేలు ఇది.

టికెట్ వచ్చిందంటారు, తర్వాత బీ ఫారం రాలేదంటారు. ఏమిటా బీ ఫారం?

టికెట్ అంటే పార్టీ చెప్పే మాట, బీ ఫారం అంటే ఎన్నికల అధికారి నమ్మే కాగితం. పార్టీ తరఫున సంతకం పెట్టే అధికారం ఎవరిదో ఏ ఫారంలో ఉంటుంది, అభ్యర్థి ఎవరో బీ ఫారంలో ఉంటుంది. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు రెండూ రిటర్నింగ్ అధికారికి చేరాలి. జిరాక్సు చెల్లదు, సిరా సంతకం ఉండాలి. జాబితాలో పేరు ఉండి కూడా చివరి నిమిషంలో బీ ఫారం మరొకరి చేతికి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. అందుకే అది చేతికొచ్చేదాకా అభ్యర్థి ఇంట్లో టెన్షన్ తగ్గదు.

సిట్టింగ్‌లకు కూడా భరోసా లేదు. 2023 ఆగస్టులో బీఆర్ఎస్ 115 మందితో జాబితా ప్రకటించినప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో నాలుగుసార్లు గెలిచిన రాజయ్యను పక్కనపెట్టి కడియం శ్రీహరికి ఇచ్చింది.

ఎమ్మెల్సీ కూడా ఇలాంటి పదవేనా?

జీతభత్యాలు ఇంచుమించు అవే, దారి వేరు. వయసు 30 నిండాలి. తెలంగాణ మండలిలో 40 మంది ఉంటారు: ఎమ్మెల్యేలు ఎన్నుకునేవాళ్లు 14 మంది, స్థానిక సంస్థలవాళ్లు ఎన్నుకునేవాళ్లు 14 మంది, పట్టభద్రులు ముగ్గురిని, ఉపాధ్యాయులు ముగ్గురిని ఎన్నుకుంటారు, గవర్నర్ ఆరుగురిని నామినేట్ చేస్తారు. మన కాళోజీ 1958 నుంచి 1960 దాకా మండలి సభ్యులు. పట్టభద్రుల ఓటు ఒకసారి నమోదైతే శాశ్వతం కాదు, ప్రతి ఎన్నికకూ కొత్తగా నమోదు చేసుకోవాలి. ఇది తెలియక వరంగల్, ఖమ్మం, నల్లగొండ స్థానంలో ఓటు పోగొట్టుకునేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

## నామినేషన్ నుంచి లెక్కింపు దాకా

డిపాజిట్ ఎంత? గల్లంతు అంటే ఏమిటి?

అసెంబ్లీకి 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రాకపోతే ఆ డబ్బు తిరిగిరాదు. 1,80,000 ఓట్లు చెల్లితే 30,000 దాటాలన్న మాట. నోటాకు పడినవి ఈ లెక్కలోకి రావు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్రులకు అదే నియోజకవర్గానికి చెందిన పది మంది ఓటర్ల సంతకాలు కావాలి.

అఫిడవిట్‌లో ఆస్తులు దాస్తే ఏమవుతుంది? మేం చూడొచ్చా?

చూడొచ్చు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ప్రతి అభ్యర్థి అఫిడవిట్ ఉంటుంది. తన పేర, జీవిత భాగస్వామి పేర, ఆధారపడినవాళ్ల పేర ఉన్న ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ రాయాలి. గడులు ఖాళీగా వదిలితే నామినేషనే తిరస్కరించొచ్చు. తప్పుడు సమాచారానికి ఆరు నెలల దాకా జైలు శిక్ష ఉంది. కేసులున్న అభ్యర్థి వాటి వివరాలను పత్రికల్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి. ఆ ప్రకటనలు ఎవరూ చదవని మూలన వస్తాయన్నది వేరే సంగతి.

ఖర్చు 40 లక్షలు దాటకూడదంటారు. ఊళ్లో చూస్తే ఒక్క మండలంలోనే అంత అవుతుంది కదా?

కాగితం మీద పరిమితి 40 లక్షలే, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం దాకా అభ్యర్థి పెట్టే ఖర్చుకే అది వర్తిస్తుంది. పార్టీ చేసే సాధారణ ప్రచారానికి పరిమితి లేదు. స్టార్ ప్రచారకుల ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత పడొచ్చు. ఎక్కువగా చిక్కుకునేది ఓడిపోయి లెక్కలు మరిచిపోయిన చిన్న స్వతంత్రులే.

మీరు చూసేది లెక్కలోకి రాని ఖర్చు. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో తమకు కవర్లు అందలేదని ఓటర్లు రోడ్డెక్కారు. ఇచ్చేవాళ్లు తప్పు, తీసుకునేవాళ్లు అమాయకులు అనే మాట ఆ రోజుతో చెల్లకుండా పోయింది. డబ్బు పంచినవాళ్లందరూ గెలవరు. కానీ పంచకపోతే బరిలో లేనట్టే అన్న భయం అభ్యర్థులందరిలో ఉంది, ఖర్చును పెంచుతున్నది ఆ భయమే.

కొద్ది ఓట్లతో ఓడితే కోర్టుకు వెళ్లి గెలవొచ్చా?

వెళ్లొచ్చు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. జరిగేది మాత్రం ఇలా ఉంటుంది.

2018లో ధర్మపురిలో కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతో గెలిచారు. ఓడిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ లెక్కింపు మీద పిటిషన్ వేశారు. రికార్డులు తీయాలని కోర్టు చెప్పేసరికి 2023 వచ్చింది. తీరా చూస్తే స్ట్రాంగ్ రూమ్ తాళంచెవులు దొరకలేదు. ఆ ఏడాది చివర మళ్లీ ఎన్నికలే వచ్చాయి, లక్ష్మణ్ కుమార్ ఓట్లతోనే గెలిచారు.

వేములవాడది ఇంకా పెద్ద కథ. చెన్నమనేని రమేశ్ 2009 నుంచి 2018 దాకా, ఒక ఉప ఎన్నికతో కలిపి నాలుగుసార్లు గెలిచారు. ఆయన జర్మనీ పౌరుడని ఆది శ్రీనివాస్ మొదటి నుంచీ పోరాడారు. ఆయన జర్మనీ పౌరుడేనని హైకోర్టు 2024 డిసెంబరులో చెప్పి, 30 లక్షల రూపాయలు కట్టమంది. అందులో 25 లక్షలు శ్రీనివాస్‌కు. అప్పటికి రమేశ్ మాజీ, శ్రీనివాస్ ఎమ్మెల్యే. కోర్టులో న్యాయం దొరుకుతుంది గానీ ఆ సీటు కాలపరిమితిలోపు దొరకడం అరుదు.

## గెలిచాక, అసెంబ్లీలో

గెలిచిన రోజు నుంచే ఎమ్మెల్యేనా, ప్రమాణం చేశాకా?

ఎన్నికైనట్టు నోటిఫికేషన్ రాగానే సభ్యుడే. ప్రమాణం చేయకుండా సభలో కూర్చోవడానికి, ఓటు వేయడానికి వీల్లేదు. కూర్చుంటే రోజుకు 500 రూపాయల జరిమానా అని రాజ్యాంగంలోనే ఉంది. 2023 డిసెంబరులో ప్రొటెం (తాత్కాలిక) స్పీకర్‌గా అక్బరుద్దీన్ ఒవైసీని పెట్టారని బీజేపీ సభ్యులు ఎనిమిది మంది ఆయన ముందు ప్రమాణం చేయలేదు, కొత్త స్పీకర్ వచ్చాక చేశారు. ఆ ఎనిమిదిలో గోషామహల్ తప్ప మిగతా ఏడూ ఉత్తర తెలంగాణ సీట్లే.

అసెంబ్లీలో మా ఎమ్మెల్యే అసలు ఏం చేస్తాడు? టీవీలో ఎప్పుడూ కనిపించడు.

చట్టం ప్రకారం ఎమ్మెల్యే అసలు ఉద్యోగం అదే: చట్టాలు చేయడం, బడ్జెట్‌ను ఆమోదించడం, ప్రభుత్వాన్ని ప్రశ్నించడం. ఊరు మాత్రం దీనికి మార్కులు వేయదు.

సాధారణ సభ్యుడి చేతిలో ఉండే పనిముట్లు కొన్నే. ప్రశ్నోత్తరాల సమయంలో నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. మామూలు ప్రశ్నకు రాతలో జవాబు వస్తుంది. జీరో అవర్‌లో నియోజకవర్గం సమస్య రెండు మూడు నిమిషాల్లో చెప్పుకోవచ్చు. బడ్జెట్ పద్దుల మీద కోత తీర్మానం ఇవ్వొచ్చు. అది నెగ్గదు, కానీ ఆ శాఖ గురించి మాట్లాడే హక్కు తెస్తుంది. ఇక కమిటీలు. ప్రజా పద్దుల కమిటీలో కూర్చుని కాగ్ (ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే సంస్థ) నివేదిక చదివే ఎమ్మెల్యేకు ఒక శాఖ లోతుపాతులు మంత్రి కంటే ఎక్కువ తెలిసిపోతాయి. అక్కడ కెమెరా ఉండదు కాబట్టి చాలామంది పట్టించుకోరు.

నర్సంపేట నుంచి 1972 మొదలుకొని వరుసగా ఐదుసార్లు గెలిచిన మద్దికాయల ఓంకార్‌ను అసెంబ్లీ టైగర్ అనేవారు. ఆయన వెనక పెద్ద పార్టీ లేదు, ప్రభుత్వం లేదు. సభలో నిలబడి మాట్లాడటమే ఆయన బలం. ఇప్పుడు అలా పేరు తెచ్చుకోవడం కష్టం. సభ నడిచే రోజులు తక్కువ, ఎవరు ఎంతసేపు మాట్లాడాలో బీఏసీలో (సభా వ్యవహారాల సలహా కమిటీలో) పార్టీల బలాన్ని బట్టి తేలుతుంది, అధికార పక్షంలో మొదటిసారి గెలిచినవాళ్లకు ఎక్కువగా దక్కేది ధన్యవాదాలు చెప్పే అవకాశమే.

అసెంబ్లీకి రాకపోతే పదవి పోతుందా?

అనుమతి లేకుండా 60 రోజులు గైర్హాజరైతే సభ ఆ సీటును ఖాళీగా ప్రకటించొచ్చు. అయితే సభ ప్రొరోగ్ అయిన (సమావేశాలు ముగిసిన) రోజులు, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడ్డ రోజులు ఆ 60లోకి రావు. సభ జరిగేది ఏడాదికి కొద్ది రోజులే. మధ్యలో ఒక్కరోజు వచ్చి సంతకం పెట్టినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ఈ కారణంతో పదవి పోతుందని ఎదురుచూడకండి.

ఎన్నిసార్లు గెలిస్తే మంత్రి అవుతారు?

దానికి లెక్క లేదు. ముఖ్యమంత్రితో కలిపి మంత్రులు సభలో 15 శాతం దాటకూడదు. 119 మంది సభలో అది 18. ఆ పద్దెనిమిదిలో జిల్లా, కులం, వర్గం, ఢిల్లీలోనో ఫామ్‌హౌస్‌లోనో ఉన్న పలుకుబడి అన్నీ కుదరాలి. ఎర్రబెల్లి దయాకర్ రావు 1994లో మొదటిసారి గెలిచి 2019లో మంత్రి అయ్యారు. రాజయ్య 2014 జూన్‌లో రాష్ట్ర తొలి ఉప ముఖ్యమంత్రుల్లో ఒకరై, మరుసటి జనవరిలోనే పదవి పోగొట్టుకున్నారు. ఆ కుర్చీ అదే ఘన్‌పూర్ రాజకీయాల్లో ఆయన ప్రత్యర్థి కడియం శ్రీహరికి దక్కింది. 2023 డిసెంబరులో సీతక్క, కొండా సురేఖ ఇద్దరూ ఉమ్మడి వరంగల్ నుంచే మంత్రులయ్యారు.

మంత్రి పదవి ఇవ్వలేనివాళ్లకు విప్, కార్పొరేషన్ చైర్మన్ లాంటివి ఇస్తారు. 2014 చివర్లో పార్లమెంటరీ కార్యదర్శులను నియమిస్తే 2015లో హైకోర్టు అడ్డుకుంది.

మన దగ్గరి ఎమ్మెల్యే ఎంత పైకి వెళ్లగలడు?

ప్రధాని దాకా. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు 1957లో మంథని ఎమ్మెల్యే అయ్యారు. 1977 దాకా ఆ సీటు ఆయనదే. 1971లో ముఖ్యమంత్రి, 1977లో హనుమకొండ ఎంపీ, 1991లో ప్రధాని.

స్పీకర్ అయితే తర్వాతి ఎన్నికలో ఓడిపోతారట, నిజమా?

నమ్మకం పుట్టడానికి కారణాలు మన వైపే ఉన్నాయి. మంథని శ్రీపాదరావు స్పీకర్‌గా ఉండి 1994లో ఓడారు. సురేశ్ రెడ్డి 2009లో ఆర్మూర్‌లో ఓడారు. తెలంగాణ తొలి స్పీకర్ మధుసూదనాచారి 2018లో భూపాలపల్లిలో ఓడారు. 2023లో బాన్సువాడలో పోచారం శ్రీనివాస్ రెడ్డి గెలిచి దాన్ని తప్పని చూపించారు. నా లెక్కలో ఇది జాతకం కాదు. స్పీకర్ సభకు కట్టుబడి ఉంటారు, పార్టీ మీటింగుల్లో గొంతు చించుకోలేరు, నియోజకవర్గంలో చావుకూ పెళ్లికీ అందుబాటులో ఉండలేరు. మన దగ్గర ఓటు పోవడానికి అది చాలు.

## నియోజకవర్గంలో

ఎమ్మెల్యే జీతం ఎంత?

2016లో పెంచినప్పుడు నెలకు రెండున్నర లక్షలు అయింది. అందులో మూల వేతనం 20,000 మాత్రమే, మిగతా 2,30,000 నియోజకవర్గ భత్యం. ఇంటి ముందు రోజూ కూర్చునేవాళ్లకు టీలు, డ్రైవర్లు, కార్లకు డీజిల్, పెళ్లిళ్ల చదివింపులు, చావు ఇంట్లో చేతిలో పెట్టే డబ్బు కలిపితే అది ఏ మూలకూ సరిపోదని అందరికీ తెలుసు. మిగతాది ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నను మాత్రం ఎవరూ పైకి అడగరు.

ఎమ్మెల్యే ఫండ్స్ అంటే ఆయన చేతికి డబ్బులు వస్తాయా?

చేతికి ఒక్క రూపాయీ రాదు. నియోజకవర్గ అభివృద్ధి నిధిని 2021లో ఏడాదికి 3 కోట్ల నుంచి 5 కోట్లకు పెంచారు. ఎమ్మెల్యే పనులు ప్రతిపాదిస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది, పంచాయతీరాజ్ లాంటి శాఖ ఇంజినీర్లు చేయిస్తారు, బిల్లు ట్రెజరీలో పాస్ కావాలి. మంజూరు ఉన్నంత మాత్రాన డబ్బు విడుదలైనట్టు కాదు. శిలాఫలకం పడి రెండేళ్లయినా కంకర రాకపోవడానికి సాధారణంగా ఇదే కారణం.

మా ఊరి రోడ్డు కోసం ఎమ్మెల్యేను ఎన్నిసార్లు అడిగినా కాలేదు. ఏం చేయాలి?

ముందు ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోండి. ఊరి లోపలి సీసీ రోడ్డు అయితే గ్రామ పంచాయతీది, ఎక్కువగా ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో వేస్తారు. ఊరి నుంచి ఊరికి వెళ్లేది సాధారణంగా పంచాయతీరాజ్‌ది, పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీది. ఆ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గర అంచనా తయారు చేయించి, దాని కాపీతో ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లండి. రోడ్డు కావాలి అన్నా అని దండం పెట్టి వచ్చేవాళ్లకు "చూద్దాం" అన్న జవాబు దొరుకుతుంది. అంచనా కాగితంతో వెళ్లినవాళ్లకు సంతకమో, కాదన్న కారణమో దొరుకుతుంది.

కల్యాణలక్ష్మి చెక్కుకు ఎమ్మెల్యే దాకా ఎందుకు పోవాలి?

పథకం నిబంధనలు అలా పెట్టారు. మీసేవలో దరఖాస్తు, తహసీల్దార్ విచారణ, ఎమ్మెల్యే ఆమోదం, ఆర్డీవో మంజూరు, తర్వాత పెళ్లికూతురి తల్లి పేర చెక్కు. మొత్తం 1,00,116 రూపాయలు. అర్హత ఉంటే ఇది మీ హక్కు, ఎవరి దయా కాదు. అయినా చెక్కు పంపిణీ సభగా మారి, ఎమ్మెల్యే చేతుల మీదుగా ఫొటోతో అందుతుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ పద్ధతి మారలేదు, ఎందుకంటే ఒక ఎమ్మెల్యే వందల ఇళ్ల తల్లులకు ఒకేసారి కనిపించే చోటు ఇంకోటి లేదు.

ఆసుపత్రి ఖర్చుకు ఎమ్మెల్యే లెటర్ పనిచేస్తుందా?

చికిత్స అయిపోయి బిల్లులు కట్టి ఉంటే ముఖ్యమంత్రి సహాయనిధికి అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, బ్యాంకు వివరాలతో దరఖాస్తు చేయాలి. చికిత్సకు ముందే నిమ్స్ లాంటి చోట డబ్బు కావాలంటే ఎల్‌వోసీ (ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆసుపత్రికి ఇచ్చే లేఖ) అడగాలి, దానికి ఆసుపత్రి ఇచ్చిన అంచనా కాగితం ఉండాలి. రెంటికీ ఎమ్మెల్యే సిఫారసు లేఖ బాగా ఉపయోగపడుతుంది. ఎమ్మెల్యే కోసం రోజంతా కూర్చోవద్దు, ఈ పని చూసే పీఏ ఎవరో అడగండి. అసలు బిల్లులు ఇచ్చేముందు జిరాక్సులు తీసి పెట్టుకోండి.

ఎస్ఐ, తహసీల్దార్‌లను ఎమ్మెల్యే బదిలీ చేయించగలడా?

చట్టంలో ఎమ్మెల్యేకు ఆ అధికారం ఎక్కడా లేదు. సిఫారసు లేఖ మాత్రం నడుస్తుంది. ఆ లేఖతో పోస్టింగ్ తెచ్చుకున్న అధికారి ఎవరి ఫోన్ ముందు ఎత్తుతాడో మీరే ఊహించుకోవచ్చు. స్టేషన్ పనులకు జనం ఎమ్మెల్యే అనుచరుల చుట్టూ తిరగడానికి మూలం ఇక్కడ ఉంది.

## పార్టీ మారడం, రాజీనామా, అనర్హత

మా ఎమ్మెల్యే ఒక గుర్తు మీద గెలిచి ఇంకో పార్టీలోకి పోయిండు. పదవి పోవాలె కదా?

చట్టం ప్రకారం పోవాలి. 1985లో వచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం స్వచ్ఛందంగా పార్టీని వదులుకున్నా, విప్ (ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరించినా అనర్హతే. రాజీనామా లేఖ ఇవ్వకపోయినా నడవడికను బట్టి వదులుకున్నట్టు తేల్చొచ్చు. కానీ తేల్చాల్సింది స్పీకర్. స్పీకర్ సాధారణంగా అధికార పార్టీ మనిషి. ఎన్నాళ్లలో తేల్చాలో షెడ్యూల్‌లో రాయలేదు. కిటుకంతా అక్కడుంది.

ఇంకో దారి విలీనం. శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతుల మంది కలిసి వెళితే అనర్హత లేదు. 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో (ఇప్పటి బీఆర్ఎస్) విలీనమయ్యారు. ఆ సంఖ్య ఎలా కుదిరిందో గమనించండి, సరిగ్గా మూడింట రెండు వంతులు.

2023 తర్వాత గాలి ఇటు తిరిగింది. బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచిన పది మంది కాంగ్రెస్ వైపు వెళ్లారని హుజూరాబాద్ ఎమ్మెల్యే పాడి కౌశిక్ రెడ్డి తదితరులు కోర్టుకెక్కారు. ఆ పది మందిలో స్టేషన్ ఘన్‌పూర్, బాన్సువాడ, జగిత్యాల ఎమ్మెల్యేలు ఉన్నారు. మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2025 జూలై 31న స్పీకర్‌ను ఆదేశించింది. రెండు పార్టీలూ రెండు కాలాల్లో సరిగ్గా ఎదుటివాళ్ల వాదనే చేశాయి. పార్టీ మారడాన్ని "నియోజకవర్గ అభివృద్ధి కోసం" అని చెప్పని ఎమ్మెల్యే మాకు ఇంతవరకు తారసపడలేదు.

పదవికి రాజీనామా చేసి మళ్లీ గెలవొచ్చా? రిస్క్ కాదా?

కారణాన్ని జనం నమ్మితే గెలుస్తారు. 2010 జూలైలో ప్రత్యేక రాష్ట్రం కోసం రాజీనామా చేసిన 12 స్థానాల్లో ఉప ఎన్నికలు జరిగితే 11 టీఆర్ఎస్‌కు, ఒకటి బీజేపీకి వచ్చాయి. వరంగల్ పశ్చిమ, హుజూరాబాద్, ధర్మపురి, వేములవాడ అందులోవే. 2021లో ఈటల పార్టీనీ పదవినీ వదిలేసి బీజేపీ నుంచి 23,855 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2012లో పరకాలలో కొండా సురేఖ మాత్రం కొద్ది తేడాతో ఓడారు. ఉద్యమం ఉరకలు వేస్తున్న రోజుల్లో ఆమె అవతలి పక్షాన నిలబడ్డారు.

సీటు ఖాళీ అయ్యాక మామూలుగా ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరగాలి. సభ గడువు ఏడాది లోపే మిగిలితే పెట్టనక్కర్లేదు.

కేసు ఉంటే పదవి పోతుందా?

కేసు ఉన్నంత మాత్రాన పోదు, చార్జిషీటు వేసినా పోదు. రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే ఆ రోజే పోతుంది, విడుదలయ్యాక ఆరేళ్లు పోటీకి అనర్హులు. అప్పీలు వేసి పదవి కాపాడుకునే వెసులుబాటును 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

## ఓడిపోయాక

బాగా పనిచేసినవాళ్లు కూడా ఎందుకు ఓడిపోతారు?

గాలి. 2023లో ఉమ్మడి వరంగల్ 12 సీట్లలో 10 కాంగ్రెస్‌కు పోయాయి, బీఆర్ఎస్‌కు జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ మిగిలాయి. ఆ పదిలో ములుగు అప్పటికే కాంగ్రెస్‌ది. మిగతా తొమ్మిది చోట్లా సిట్టింగులు ఒకేలా పనిచేసి ఉండరు, అయినా ఒకేలా ఓడారు. గాలి లేనప్పుడు ఓడించేది అనుచరగణం. ఎమ్మెల్యే మీద కోపం లేని ఊళ్లో కూడా ఆయన పేరు చెప్పుకొని పెత్తనం చేసిన మండల నాయకుడి మీద కోపం ఉంటుంది. ఆ మండల నాయకుడు బ్యాలెట్ మీద ఉండడు కాబట్టి ఆ ఓటు ఎమ్మెల్యేకు తగులుతుంది.

మాజీ అయ్యాక ఏం మిగులుతుంది?

ఒక్కసారి గెలిచినా పింఛను ఉంటుంది, టర్మ్‌లు పెరిగితే ఒక పరిమితి దాకా పెరుగుతుంది. వైద్య ఖర్చుల సదుపాయం ఉంటుంది. గన్‌మెన్ సంఖ్య తగ్గుతుంది. ఇంటి ముందు చెప్పుల జతలు అంతకంటే వేగంగా తగ్గుతాయి. ఇల్లందులో ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య సైకిల్ మీద తిరిగిన మనిషిగానే గుర్తుండిపోయారు. అలాంటివాళ్లకు మాజీ అవడం పెద్ద తేడా కాదు. మిగతావాళ్లకు మొదటి ఏడాది చాలా కష్టంగా గడుస్తుంది.

ఒకసారి ఓడితే రాజకీయ జీవితం అయిపోయినట్టేనా?

కానే కాదు. సీతక్క 2004లో, 2014లో ఓడి, 2018, 2023లలో గెలిచి మంత్రి అయ్యారు. కడియం శ్రీహరి 2004లో, 2009లో ఓడి, 2014లో వరంగల్ ఎంపీ, 2015లో ఉప ముఖ్యమంత్రి అయ్యారు. ధర్మపురిలో 441 ఓట్లతో ఓడిన లక్ష్మణ్ కుమార్ 2025 జూన్‌లో మంత్రి అయ్యారు. 2023 డిసెంబరులో రెండు చోట్ల ఓడిన ఈటల ఆరు నెలల్లో మల్కాజిగిరి ఎంపీ అయ్యారు. మధుసూదనాచారి మండలికి వెళ్లారు. వీళ్లందరిలో కనిపించేది ఒక్కటే: ఓడిన మర్నాడు ఊరు వదిలిపోలేదు, వదిలినా ఇంకో ఊరు వెతుక్కున్నారు.

ఎమ్మెల్యే కొడుక్కే టికెట్ ఎందుకు ఇస్తారు?

నాయకుడి పేరు, క్యాడర్, ఖర్చు పెట్టే స్తోమత ఒకే ఇంట్లో దొరుకుతాయి కాబట్టి. కానీ ప్రతి వారసత్వం ఒకేలాంటిది కాదు. శ్రీపాదరావును 1999 ఏప్రిల్‌లో నక్సలైట్లు చంపారు. ఆ ఏడాదే జరిగిన ఎన్నికల్లో కొడుకు శ్రీధర్ బాబు మంథనిలో గెలిచారు. 2014లో ఓడారు, 2018లో మళ్లీ గెలిచారు. వారసత్వం మొదటి టికెట్ తెస్తుంది, రెండోసారి నుంచి మార్కులు సొంతవే.

సీట్లు పెరుగుతాయంటున్నారు, మహిళలకు రిజర్వేషన్ అంటున్నారు. మా నియోజకవర్గం ఏమవుతుంది?

రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్‌లో తెలంగాణ సీట్లు 119 నుంచి 153 అవుతాయని ఉంది, ఇప్పటికీ పెరగలేదు. 2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ అసెంబ్లీలో మూడో వంతు సీట్లు మహిళలకు ఇవ్వాలంటుంది, ఎస్సీ, ఎస్టీ స్థానాల్లోనూ మూడో వంతు వాళ్లకే. దానికి ముందు జనగణన, తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరగాలి. పునర్విభజన అంటే ఏం జరుగుతుందో 2009లో మన వైపు చూశాం: శాయంపేట, చేర్యాల, హనుమకొండ లాంటి సీట్లు మాయమయ్యాయి, భూపాలపల్లి, పాలకుర్తి, వరంగల్ తూర్పు, పడమర కొత్తగా వచ్చాయి. వర్ధన్నపేట ఎస్సీ స్థానం కావడంతో అక్కడ మూడుసార్లు గెలిచిన ఎర్రబెల్లి పాలకుర్తికి మారారు, కొండా సురేఖ శాయంపేట నుంచి పరకాలకు వెళ్లారు. ఈసారి ఏ మండలం ఎటు పోతుందో, ఏ సీటు ఎవరికి రిజర్వు అవుతుందో మ్యాపులు వచ్చేదాకా ఇప్పుడున్న ఎమ్మెల్యేలకూ తెలియదు. ఆ పేరుతో ఇప్పటి నుంచే ఫ్లెక్సీలు కట్టేవాళ్లను చూసి కంగారు పడకండి.